నోరు తెరిపించే ఉద్యోగం

“రాసిపెట్టుకో బాబూ! ఇది ఇక పన్ను మొహం చూడదు. జీవితాంతం సుద్దముక్క పట్టుకుని పెద్దపెద్దవాళ్లకు ఏబీసీడీలు దిద్దిస్తూ కూర్చుంటుంది.”

అప్పటికి అమ్మాయి ఆ ఉద్యోగంలో ఇంకా చేరనే లేదు. చేరడానికి వెళ్తూ గుమ్మం దగ్గర బూట్లకు లేసులు కట్టుకుంటోంది.

“సుద్దముక్కలు ఎక్కడున్నాయత్తయ్యా? ఇప్పుడన్నీ మార్కర్లే,” అన్నాడు అల్లుడు రొట్టెముక్క నములుతూ.

మా అల్లుడితో ఇదే చిక్కు. కొంప అంటుకుందిరా నాయనా అంటే, అది ఎర్రమంట కాదత్తయ్యా, నారింజరంగు అంటాడు.

“బయల్దేరేటప్పుడు ఆ శాపనార్థాలేంటమ్మా?” అంది అమ్మాయి తలెత్తకుండా.

శాపనార్థాలు కావు. చెడును ముందే పైకి అనేస్తే అది సిగ్గుపడి వెనక్కి తగ్గుతుందని నా నమ్మకం. మా అత్తగారిది దీనికి పూర్తిగా ఎదురు దారి. పైన తథాస్తు దేవతలు తిరుగుతూ ఉంటారు, నోరు అదుపులో పెట్టుకోమనేవారు. ఆవిడ జీవితమంతా నోరు అదుపులోనే పెట్టుకున్నారు, ఆవిడకు జరగాల్సిన చెడులన్నీ వరసగా జరిగాయి. అందుకని నేను అనేస్తాను.

మా అమ్మాయి పళ్ల డాక్టరు. అక్కడ మన దేశంలో దానికి సొంత క్లినిక్కు, మీట నొక్కితే మనిషితో సహా వెనక్కి వాలే కుర్చీ, బయట పేరు వెనక డిగ్రీ అక్షరాలతో బోర్డు ఉండేవి. అల్లుడి ఉద్యోగం ఇక్కడికి మారడంతో అన్నీ అమ్ముకుని, నన్ను కూడా మూటగట్టుకుని వచ్చారు. ఇక్కడివాళ్లు ఆ డిగ్రీ చూసి చాలా సంతోషించి, బాగుందమ్మా, అయితే ఇక్కడి మనిషి నోట్లో వేలు పెట్టాలంటే ఇక్కడి పరీక్ష పాసవ్వాలి అన్నారట. ఇక్కడి పళ్లేమైనా అడ్డంగా మొలుస్తాయా?

ఆ పరీక్షలో రాసేది ఒక భాగం, చేసి చూపించేది ఒక భాగం. చేసి చూపించేదానికి సాధన కోసమని ఒక ప్లాస్టిక్ దవడ తెచ్చుకుంది. చిగుళ్లతో, పళ్లతో అచ్చం మనిషి దవడే. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టేది. పొద్దున్నే పాలకోసం వెళ్తే అది పైనుంచి నన్ను చూసి పళ్లికిలించేది. మొదటి వారం ప్రతిరోజూ నా గుండె జారింది. తర్వాత అలవాటై, వంటింట్లో నేను వేసే ప్రశ్నలకు మొహం తిప్పుకోనిది అదొక్కటే కదా అని దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

పరీక్ష అయ్యేదాకా ఖాళీగా ఎందుకని ఈ ఇంగ్లీషు చెప్పే పని పట్టుకుంది. ఇక్కడికి బతకడానికి వచ్చిన నానాదేశాల పెద్దవాళ్లకు మాట్లాడటం నేర్పాలి.

“తాత్కాలికమే కదమ్మా,” అంది.

తాత్కాలికం అనే మాట నా దగ్గరా అనేది! ఆ మాట మా ఇంట్లో నాతోబాటే కాపురానికి వచ్చింది. మా ఆయన కరెంటాఫీసులో తాత్కాలిక గుమాస్తాగా చేరారు. తాత్కాలికంగా ఉండగానే పెళ్లి చేసుకున్నారు, తండ్రయ్యారు, జుట్టు ఊడగొట్టుకున్నారు, రిటైరయ్యారు, ఆ తర్వాత పోయారు. ఆ పోవడం ఒక్కటే ఆయన జీవితంలో పర్మనెంటుగా జరిగింది. పర్మనెంటు ఆర్డరు వచ్చాక ఫ్రిజ్ కొందాం, వచ్చాక గాలి తగిలే ఇంటికి మారదాం, వచ్చాక పిల్లకు సముద్రం చూపిద్దాం అనేవారు. మా అమ్మాయి చిన్నతనంలో ‘పర్మనెంటయ్యాక’ అంటే అదేదో పండగ పేరనుకుని, ఎప్పుడొస్తుందని పక్కింటివాళ్లను అడిగేది.

అందుకని ఆ ఉద్యోగం పేరు వినగానే చెడంతా ముందే పైకి అనేశాను.

అలాంటి నేను ఆ క్లాసులోనే విద్యార్థినిగా చేరానంటే నా ఖర్మ ఎలాంటిదో చూడండి. వాళ్లిద్దరూ పనికి పోతే ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండాలి. కాలింగ్ బెల్లు మోగుతుందేమోనని భయం. మోగితే తియ్యాలా వద్దా? తీస్తే దొంగ కావచ్చు, తియ్యకపోతే పోలీసు కావచ్చు. తలుపుకున్న కన్నంలోంచి చూస్తే ఎవరైనా దొంగలాగానే కనిపిస్తారు.

“అయితే నాతో వచ్చి వెనక కూర్చోమ్మా,” అంది అమ్మాయి.

ఆ బడి బట్టలుతికే దుకాణం పైన ఉంది. దాన్ని బడి అనకూడదు, ఇన్‌స్టిట్యూట్ అనాలి. పైకప్పు కారితే ఇన్‌స్టిట్యూట్ అంటారు కాబోలు. కింద మెషీన్లు తిరిగినప్పుడల్లా పైన మా కుర్చీలు వణికేవి. గదిలో ఎప్పుడూ సబ్బు వాసన, ఎవరిదో తడి దుప్పటి వాసన. కిటికీ అవతల సిటీ బస్సులు వెనక్కి తిరిగే చోటు. బస్సు కీచుమన్నప్పుడల్లా చదువు ఆగిపోయేది. పోనీలే, అది నడిచినప్పుడు మాత్రం ఎక్కడికి పోయింది కనక.

దాని యజమానికి ఇరవైనాలుగ్గంటలూ మొహాన నవ్వు. నవ్వడానికి కారణం ఉండక్కర్లేదు, ఎదురుగా మనిషి ఉంటే చాలు. నేను ఆయనకు ఇకిలింపు అని పేరు పెట్టుకున్నాను. కుర్చీలు నిండకపోతే క్లాసు ఎత్తేస్తారట. నన్ను చూడగానే ఆ ఇకిలింపు ఇంకో రెండు పళ్లు అదనంగా బయటపెట్టి, నా పేరు కూడా విద్యార్థుల్లో కలిపేశాడు. తొమ్మిదో తరగతి గట్టెక్కలేక పెళ్లి చేసుకున్నదాన్ని, మళ్లీ బెంచీ ఎక్కాను. అదీ కడుపున పుట్టినదాని ముందు.

ఇక నా తోటి పండితులు. మొదటి వరసలో ఒక వకీలు. వాళ్ల దేశంలో కోర్టులు గడగడలాడించేవాడట, ఇక్కడ గోదాములో అట్టపెట్టెలకు టేపు అంటిస్తాడు. అయినా కోటు విడవడు. ఎవరైనా “మార్నింగ్, బస్, లేట్” అని మూడు ముక్కలు కష్టపడి కక్కితే, చూపుడువేలు పైకెత్తి “ఫుల్ సెంటెన్స్!” అంటాడు. ఆయనకు ధారాళంగా వచ్చింది ఆ ఒక్క వాక్యమే, అది కూడా పూర్తి వాక్యం కాదు.

ఆయన పక్కన జుట్టు కత్తిరించే పిల్ల. ఏమడిగినా ఎస్. పెళ్లయిందా అంటే ఎస్, కాలేదా అంటే ఎస్. ఆ పిల్ల చేతికి తల అప్పగించేవాళ్ల ధైర్యానికి దణ్ణం పెట్టాలి.

నా పక్కన టైల్స్ మేస్త్రీ. మనిషి బీరువాలా ఉంటాడు. ఆ చేతుల్లో పెన్సిలు పడితే పుల్లకూడా కనిపించదు. ప్రశ్న అడగ్గానే రెండు అరచేతులూ తెరిచి చూసుకుంటాడు, జవాబు సిమెంటుతో అక్కడ రాసిపెట్టుకున్నట్టు. మిగతావాళ్ల గురించి చెప్పడానికి కూడా ఏమీ లేదు. కుర్చీలు నింపారు, అంతే.

వీళ్లకు మా అమ్మాయి చదువు చెప్పిన పద్ధతి ఇంకా విడ్డూరం. ఒకరు ప్రశ్న వెయ్యాలి, ఒకరు జవాబు చెప్పాలి. ఆ జవాబు వచ్చేదాకా క్లాసు మొత్తం నోరు మూసుకుని కూర్చోవాలి. పక్కనుంచి అందించకూడదు, నవ్వకూడదు, ప్రశ్న మార్చకూడదు, నాకు రాదు అని తప్పించుకోకూడదు. తప్పు చెప్పినా ఫరవాలేదు, చెప్పకుండా మాత్రం వదలరు.

“టీచర్ ఆల్సో?” అని అడిగాడు వకీలు మొదటిరోజే, ఎదుటి పార్టీని ఇరికించినంత సంబరంగా.

“టీచర్ ఆల్సో,” అంది అమ్మాయి.

ఎవడో గడ్డం మనిషి ‘నా పేరు ఫలానా’ అనడానికి గుటకలు మింగుతుంటే, పనీపాటా ఉన్న మనుషులందరూ బొమ్మల్లా కూర్చుని ఆ గుటకలు లెక్కపెట్టడం! దీనికి జీతం. నాకైతే పురిటిగది బయట కూర్చున్నట్టుండేది. తీరా పుట్టేది ‘ఐ లైక్ టీ’.

నా వంతు కూడా వచ్చింది. జుట్టు కత్తిరించే పిల్ల నా వైపు తిరిగి “వేర్ ఆర్ యూ గోయింగ్?” అంది. నాకు ఒళ్లు మండింది. బయటికి వెళ్లే మనిషిని ఎక్కడికి అని అడుగుతారా ఎవరైనా? మేమైతే గొంతులో మాట గొంతులోనే నొక్కేసి, వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక అడుగుతాం. జవాబు చెప్పకూడదని నిశ్చయించుకుని కూర్చున్నాను. క్లాసు ఎదురుచూసింది. కింద మెషీను ఆగింది, మళ్లీ తిరిగింది. బస్సు కీచుమని వెళ్లింది. అన్ని మొహాలూ నా మీదే. నా కన్నకూతురు కూడా నేనెవరో తెలియనట్టు, నవ్వు పెదవుల కింద దాచుకుని, ఎదురుచూసింది. ఆ మౌనం ఎలాంటిదో అప్పుడు తెలిసింది నాకు. తల్లో పేను పాకుతున్నట్టుంటుంది, ఎంత మొండిమనిషైనా గోక్కోక తప్పదు.

“హోమ్,” అన్నాను చివరికి.

“ఫుల్ సెంటెన్స్,” అన్నాడు వకీలు.

నేను చూసిన చూపుకి కోటు గుండీ పెట్టుకున్నాడు.

చలి ముదిరే వేళకు, నేను ముందే అనేసినవన్నీ ఒక్కొక్కటీ జరగడం మొదలైంది. పొద్దున క్లాసు ఉండేదల్లా మధ్యాహ్నం కూడా ఒకటయింది. పరీక్ష పుస్తకాలు మంచం మీదనుంచి బల్ల మీదికి, అక్కణ్ణుంచి మంచం కిందికి దిగాయి. ఒక రోజు ఫ్రిజ్ మీద చూస్తే దవడ లేదు. ఎవరో ఎత్తుకుపోయారని, రేపు ఇంట్లో మిగతావి కూడా పోతాయని బిక్కచచ్చిపోయాను. తీరా క్లాసుకు వెళ్తే అది టీచరు బల్ల మీద ఉంది! ఏదో శబ్దం పలకాలంటే నాలుక పైపళ్లకు ఎలా తగలాలో దాంతో చూపిస్తోంది. ఆ మేస్త్రీ దాన్ని చేతిలోకి తీసుకుని, బజార్లో వంకాయ నొక్కినట్టు పన్ను నొక్కి చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక ఆగలేకపోయాను.

“ఆ దవడ ఎందుకు కొన్నావే? చదువుకోవడానికా, వాళ్లకు తోలుబొమ్మలాట ఆడించడానికా?”

“బోర్డు మీద బొమ్మ గీస్తే అర్థం కావట్లేదమ్మా. ఇది చూపించగానే అందరూ పలికారు.”

“పలికారు! పలికితే ఏమొచ్చింది? మహా అయితే బస్సు కండక్టరుతో పోట్లాడతారు. నీ పరీక్ష ఎప్పుడు?”

అది క్యారెట్ తురమడం మొదలుపెట్టింది.

“నిన్నే అడిగేది. పరీక్ష ఎప్పుడు?”

క్యారెట్ అయిపోయింది. తురుముపీట కడిగింది. నెమ్మదిగా తుడిచి, గూట్లో పెట్టి, స్నానానికి వెళ్లిపోయింది. అదివరకు కనీసం ‘చూద్దాంలే’ అనేది. ఆ రోజునుంచి ఆ ఒక్క ప్రశ్న దగ్గర దానికి మౌనవ్రతం. ఉప్పు ఎక్కడుందంటే చెప్తుంది, తలనొప్పా అంటే చెప్తుంది, పరీక్ష అంటే మాత్రం గోడ.

అల్లుణ్ణి పట్టుకున్నాను. “నువ్వైనా చెప్పు బాబూ, అది పరీక్ష రాస్తుందా, రాయదా?”

మనిషి మొహం కందిపోయింది. “ఆ సంగతి తన దగ్గర ఎత్తకండత్తయ్యా. మెల్లగా తనే...”

“మెల్లగా! మీ మావయ్యగారు కూడా మెల్లగానే అన్నారు.”

“మావయ్యగారిది ఆఫీసు సంగతి కదండీ.”

“తాత్కాలికం ఏ ఆఫీసుదైనా ఒకటే నాయనా. ఉల్లిపాయ ఎక్కడ కోసినా కళ్లు మండుతాయి.”

అల్లుడు చప్పున లేచి చెత్తబుట్ట కింద పారబోసి వస్తానన్నాడు. ఖాళీ చెత్తబుట్ట పట్టుకుని వెళ్లాడు.

ఆ తర్వాతి సోమవారం నాడు ఇకిలింపు క్లాసులోకి వచ్చాడు. మా అమ్మాయి పక్కన నిలబడి, చేతులు నలుపుకుంటూ, చాలాసేపు పొగిడాడు. నాకు అందులో సగం అర్థం కాలేదు, అర్థమైన సగం నమ్మబుద్ధి కాలేదు. చివర్లో ఒక్క మాట మాత్రం గుడిగంటలా వినిపించింది. పర్మనెంట్.

మాట్లాడించే క్లాసులన్నిటికీ మా అమ్మాయే పెద్దట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా. పర్మనెంటు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలట.

మా ఆయన జీవితమంతా ఏ మాటకోసం వాకిట్లో పోస్టుమాను సైకిలు చప్పుడు విన్నారో, ఆ మాట అడక్కుండా మెట్లెక్కి వచ్చి, మా అమ్మాయి ముందు నిలబడి ఇకిలిస్తోంది. నాకు చీపురు తీసుకుని దాన్ని మెట్లమీదుగా తరిమికొట్టాలనిపించింది. వచ్చేదేదో ఆ మహానుభావుడు బతికుండగా ఆయన దగ్గరికి వచ్చి ఏడవకూడదూ? ఇన్నేళ్ల తర్వాత అడ్రసు తప్పి ఇక్కడికెందుకు?

అమ్మాయి ఇకిలింపుకు “థాంక్యూ” అంది. అవునని అనలేదు, కాదని అనలేదు. బస్సులో వస్తూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

“వద్దని చెప్పు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటే ఇక చదివేదెప్పుడు?” అన్నాను.

గోడ.

“మంచి అవకాశం కదత్తయ్యా,” అన్నాడు అల్లుడు ఇంటికొచ్చాక. “పరీక్ష అంటే... ఎవరికి తెలుసు? ఇదైతే చేతిలో ఉంది.”

“నీ చేతిలో ఉన్నది పప్పుగరిటె. ముందు దాన్ని గిన్నెలో పెట్టు, కిందంతా కారుతోంది.”

నేను ఎంత ఎగిరినా, జవాబు చెప్పాల్సింది అది. మంగళవారం చెప్పలేదు. బుధవారం నాడు ఆ మేస్త్రీ చెంప బూరెలా పొంగించుకుని క్లాసుకు వచ్చాడు.

వకీలు వంతు. మేస్త్రీని “వాట్ డిడ్ యూ ఈట్ టుడే?” అని అడిగాడు. మేస్త్రీ అరచేతులు తెరిచి చూసుకున్నాడు. క్లాసు ఎదురుచూసింది. ఆయన నోరు తెరవబోయాడు, సగంలో కళ్లనిండా నీళ్లు తిరిగి మూసేశాడు. పద్ధతి పద్ధతే కాబట్టి ఎవరూ అందించలేదు. ఏం మనుషులో! మనిషి ప్రాణం పోతున్నా ఫుల్ సెంటెన్స్ కోసం కూర్చుంటారు.

అమ్మాయి లేచి ఆయన దగ్గరికి వచ్చింది. “ఓపెన్,” అంది.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను కాబట్టి అంతా చూశాను. ఆయన గడ్డం కింద వేలు పెట్టకుండానే, ఆయన తల దానంతటదే వెనక్కి వాలింది. మా అమ్మాయి గొంతులో ఏదో మారింది. టీచరు గొంతు కాదది. కిటికీ వెలుతురు నోట్లో పడేలా కాస్త పక్కకు జరిగింది. దాని కుడిచెయ్యి, మార్కరు పట్టుకున్నది, పెదవి దాకా వెళ్లింది. అద్దం ముక్కున్న కాడ పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకుంది ఆ మార్కరును. ఎడమచెయ్యి, పక్కన ఎవరో పనిముట్టు అందిస్తారన్నట్టు, గాలిలోకి చాచింది.

ఎవరూ అందించలేదు. అక్కడ అందించడానికి ఎవరున్నారు, నేను తప్ప?

మార్కరు ఆగిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టేసుకుంది. ఆ జేబులో పిడికిలి బిగుసుకోవడం బట్టమీదనుంచి నాకు కనిపించింది. బోర్డు మీద ఆసుపత్రి దారి గీసి, వకీలును తోడిచ్చి, ఇప్పుడే వెళ్లాలి, ఆలస్యమైతే చీము దవడ ఎముకలోకి దిగుతుంది అని చేతులతో, బొమ్మలతో, కళ్లతో చెప్పింది. తర్వాత తిరిగొచ్చి, మిగిలినవాళ్లతో ‘నిన్న నేను, రేపు నేను’ చెప్పించింది.

బల్ల మీద ఆ ప్లాస్టిక్ దవడ అలాగే ఇకిలిస్తూ ఉంది. నాకు దాన్ని చూస్తే, ఇకిలింపును చూస్తే, ఆ గదిని చూస్తే పుట్టిన రోత ఇంతా అంతా కాదు. గాడిదచేత మూటలు మోయించవచ్చు గానీ, గుర్రం కాళ్లకు గాడిద డెక్కలు కట్టి చప్పుడు బాగుందంటే ఎలా?

ఇంటికి వచ్చి అడిగితే గోడ అని తెలుసు. అడగలేదు. రెండురోజులూ నోరు మూసుకునే ఉన్నాను. అల్లుడు భయపడి, “ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?” అన్నాడు. స్నానాలగదిలో నీళ్లు వదిలి, ఆ చప్పుడులో, నాకు కావాల్సిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కున్నాను. అది జవాబు చెప్పకుండా తప్పించుకోలేని చోటు ఈ దేశం మొత్తంలో ఒక్కటే ఉంది. ఆ చోటు పెట్టింది కూడా అదే.

శుక్రవారం క్లాసు చివర్లో ఎప్పటిలాగే, “ఎవరైనా ప్రశ్న వెయ్యండి, ఎవరినైనా,” అంది ఇంగ్లీషులో. మేస్త్రీ చెంప తగ్గింది, పన్ను పీకిన చోట దూది పెట్టుకుని కూర్చున్నాడు. ఇకిలింపు గుమ్మంలో నిలబడ్డాడు. జవాబు తీసుకుపోవడానికి వచ్చాడని మొహమే చెబుతోంది.

నేను చెయ్యెత్తాను. క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. ఇన్నాళ్లలో నేను చెయ్యెత్తడం అదే మొదలు. మాట తిరగబడుతుందేమో, అది నలుగురిలో ఏడుస్తుందేమో, కోపంతో మెట్లు దిగిపోయి బస్సు కింద పడుతుందేమో, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

“టీచర్,” అన్నాను. “యువర్ టీత్ ఎగ్జామ్. వెన్?”

వకీలు వేలెత్తబోయి, మా అమ్మాయి మొహం చూసి దించేశాడు.

అమ్మాయి నావైపు చూసింది. తర్వాత తలుపు వైపు. తర్వాత మూత పెట్టిన మార్కరుకు మళ్లీ మూత పెట్టబోయింది. ఇంట్లో అయితే ఈపాటికి క్యారెట్ తురిమేది. ఇక్కడ క్యారెట్ లేదు.

క్లాసు ఎదురుచూసింది. నేను ఇన్నాళ్లూ పనికిమాలిన మందగా లెక్కగట్టిన ఆ జనం, చేతులు ఒళ్లో పెట్టుకుని, దాని మొహంలోకి నిదానంగా చూస్తూ కూర్చున్నారు. నవ్వలేదు, గుసగుసలాడలేదు. ఎంత చక్కగా నేర్పిందో! జుట్టు కత్తిరించే పిల్ల కూడా ఎస్ అనలేదు. కింద మెషీను తిరగడం ఆగింది. బస్సు వచ్చి, కీచుమని, వెళ్లింది.

ఇకిలింపు ఉండలేకపోయాడు. “వెల్, యువర్ టీచర్ ఈజ్...” అని మొదలుపెట్టాడు. వకీలు లేచి నిలబడి, కోర్టులో లేచినట్టు, అరచెయ్యి ఆయన మొహానికి అడ్డంగా చాచాడు. అందించకూడదు. ఇకిలింపు నోరు మూసుకున్నాడు. నేను చూస్తుండగా మొదటిసారి ఆ పళ్లన్నీ లోపలికి వెళ్లాయి.

అమ్మాయి మేస్త్రీ చెంపవైపు చూసింది. ఆయన ఏమనుకున్నాడో, నొప్పి లేదన్నట్టు నోరు కాస్త తెరిచి, దూది చూపించాడు.

“రాశానమ్మా,” అంది అమ్మాయి.

తెలుగులో అంది. ఆ గదిలో అది తెలుగు మాట్లాడటం అప్పటిదాకా లేదు.

“వచ్చిన కొత్తలోనే రాశాను. తప్పాను. నీకు చెబితే నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు.”

నా భయాలన్నిటికీ పెద్దక్క అది. ఇది పరీక్ష తప్పుతుందేమోనని నేను ఎన్ని తెల్లవార్లు గుండెలు పట్టుకున్నానో! అది ఎప్పుడో జరిగిపోయింది. జరిగిన రోజున నేను మామూలుగా అన్నం తిని, ఫ్రిజ్ మీద దుమ్ము తుడిచి, పడుకుని ఉంటాను. ఇంటి పైకప్పు ఏమీ కూలలేదు. ఆ రోజు మొహం కందిపోయిన అల్లుడికి సంగతి తెలుసు. ఆ దవడకు కూడా తెలుసు.

నేను ఏదో అనబోయాను. అనకూడదు. అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. తప్పింది ఎప్పుడని కాదు నేను అడిగింది. నోరు బిగించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్లందరిలాగే కూర్చున్నాను.

వకీలుకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మెల్లగా, బతిమాలుతున్నట్టు, వేలు పైకెత్తాడు. “టీచర్. ఇంగ్లీష్, ప్లీజ్. ఫుల్ సెంటెన్స్.”

కింద ఎవరో మెషీను తలుపు వేసిన చప్పుడు వినిపించింది. అమ్మాయి బల్ల మీది దవడను తీసి సంచిలో పెట్టుకుంది. జిప్పు లాగింది. గుమ్మంలో ఉన్న ఇకిలింపు వైపు తిరిగి, కానీ జవాబు నాకే చెబుతూ, ఒక్కొక్క మాటనూ మాకు నేర్పినంత విడివిడిగా పలికింది.

“ఐ యామ్ లీవింగ్ దిస్ జాబ్ టుడే, అండ్ ఐ విల్ టేక్ మై ఎగ్జామ్ నెక్స్ట్ మంత్.”